నవ్వుకూ ఒక సొంతూరు ఉంటది

(దిల్‌సుఖ్‌నగర్‌లో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేం మాట్లాడే సంగతి విని కొందరు మిత్రులు ముందే నవ్విన్రు. నీళ్లు, నిధులు, నియామకాల మీద మాట్లాడేటోళ్లు ఫోన్లలో తిరిగే బొమ్మల మీద మాట్లాడుడేందని అడిగిన్రు. వాళ్ల ప్రశ్న న్యాయమైందే. మా జవాబు కూడా వినుండ్రి. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు బోగీలో చుట్టూ చూడుండ్రి. పేపర్ చదివేటోళ్లు ఎంతమంది? ఫోన్‌లో ఒక బొమ్మ చూసి, మూతి బిగబట్టుకొని నవ్వి, దాన్ని ఇంకో నలుగురికి పంపేటోళ్లు ఎంతమంది? ఒకప్పుడు పేపర్ రాంగనే మొదటి పేజీలో మూలకున్న పాకెట్ కార్టూన్ చూసేటోళ్లం. ఆ కార్టూన్ ఇప్పుడు పేపర్ దిగి ఇంటర్నెట్ ఎక్కింది. వరుసగా డబ్బాలు గీసి కథ చెప్తే వెబ్ కామిక్ అంటున్నరు. సినిమా ముక్క కోసి మీద రెండు మాటలు రాస్తే మీమ్ అంటున్నరు. పేరు ఏదైతేనేం, మన పిల్లలు లోకాన్ని అందులో నుంచే చూస్తున్నరు. అసొంటప్పుడు దాని గురించి మనం మాట్లాడకుంటే ఎవరు మాట్లాడాలె?

ఇక్కడి హాస్టళ్లలో రోజూ జరిగే ముచ్చట ఒకటి చెప్తం. ఒక గదిలో ఆరుగురు ఉంటరు. ఒకని ఫోన్‌కు బొమ్మ వస్తది. ఐదుగురు పడీ పడీ నవ్వుతరు. ఆరో పిలగాడు బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, 'ఏందిరా ఇది?' అని అడుగుతడు. 'నీకు చెప్తే అర్థం కాదు తియ్' అంటరు. ఆ పిలగాడు ఇంక అడగడు. తెల్లారి నుంచి అర్థం కాకున్నా నవ్వుడు మొదలుపెడ్తడు. మేం కూడా ఒకప్పుడు ఆ ఆరో పిలగాళ్లమే. అందుకే ఇయ్యాల మాట్లాడుతున్నం.

విప్పి చెప్తే జోకు సస్తది అంటరు పెద్దలు. ఆ మాట సగమే నిజం. విప్పి చెప్తే నవ్వు ఆగొచ్చు. కానీ ఆ నవ్వు ఎక్కడ పుట్టింది, ఎవరి మీదికి పోతున్నది అన్న సంగతి బయటపడ్తది. కొన్ని నవ్వుల విషయంలో అది తెలుసుకోవాల్సిందే.

జోకు లోపల ఏముంటది

ముందు పరాయి దేశం ముచ్చట. అమెరికాలో ర్యాండల్ మన్రో అని ఒకాయన ఉన్నడు. భౌతికశాస్త్రం చదివి, నాసా వాళ్ల రోబోల మీద పనిచేసిన మనిషి. 2005 నుంచి ఎక్స్‌కేసీడీ పేరుతో ఇంటర్నెట్‌లో కార్టూన్లు గీస్తున్నడు. మనుషులకు కండ్లు, ముక్కు కూడా ఉండవు. తలకు ఒక సున్న, ఒంటికి ఒక గీత, కాళ్లు చేతులకు నాలుగు పుల్లలు. 2007లో ఆయన గీసిన ఒక బొమ్మ లోకమంతా తిరిగింది. బడి నుంచి ఒక తల్లికి ఫోన్ వస్తది. మీ పిలగాని పేరు ఎక్కించంగనే మా కంప్యూటర్‌లో విద్యార్థుల లెక్కలన్నీ పోయినయి అని వాళ్ల గోడు. ఎందుకు పోయినయి? ఆ తల్లి పిలగాని పేరులోనే డేటాబేస్ టేబుల్‌ను తుడిచేసే ఆదేశం దాచిపెట్టింది. ఇక్కడ కోచింగ్‌లో ఎస్‌క్యూఎల్ నేర్చుకునే తమ్ముళ్లు ఈపాటికే నవ్వుతున్నరు. పక్కన కూసున్న మన రెవెన్యూ ఉద్యోగి అన్న వాళ్ల ముఖం చూస్తున్నడు. అన్నా, నీ తెలివికి వచ్చిన కొరత ఏం లేదు. నువ్వు ఆ ఊరోనివి కాదు, అంతే. ఆ బొమ్మల అభిమానులు ఒక్కొక్క బొమ్మకు అర్థం రాసి పెట్టుకుంటున్నరు. ఇది ఫలానా శాస్త్రం, ఇది ఫలానా సినిమా, ఇక్కడ మలుపు అని. తెలవనోన్ని తక్కువ చూడకుంట లోపలికి పిలిచే పని అది.

ఇగ మన ఊరికి వద్దాం. హైదరాబాద్ దక్కనీలో 'పర్సోం' అనే మాట ఉన్నది. నిఘంటువు ప్రకారం మొన్న అని, లేదంటే ఎల్లుండి అని. కానీ మన పట్నపోని నోట్లో పర్సోం అంటే మొన్న కావొచ్చు, పోయిన ఏడాది కావొచ్చు, ఇరవై ఏండ్ల కిందటిది కూడా కావొచ్చు. ఒక బొమ్మ అనుకుందాం. డాక్టర్ చేతిలో పసుపురంగుకు తిరిగిన పాత ఎక్స్‌రే ఉన్నది. మూలకు 1998 అని రాసి ఉన్నది. 'దెబ్బ ఎప్పుడు తగిలింది చాచా?' అంటే ముసలాయన 'పర్సోం' అంటడు. మలక్‌పేటలో, సైదాబాద్‌లో పుట్టి పెరిగినోనికి ఇది విప్పి చెప్పే పనిలేదు. విజయవాడ నుంచి పోయిన వారమే దిగిన తమ్మునికి చెప్పాలె. చెప్తే వానికి ఒక మాటతో పాటు, ఈ పట్నంలో కాలం ఎట్ల నడుస్తదో తెలుస్తది. 2005లో వచ్చిన 'ది అంగ్రేజ్' సినిమా చార్మినార్ కాడ కూసున్న ఇస్మాయిల్ భాయ్ నోట ఈ దక్కనీనే మాట్లాడించింది. గల్లీలో ఉన్న భాష తెర మీదికి వస్తే జనం ఎట్ల కండ్లకు అద్దుకున్నరో మనకు యాదికున్నది.

ఇంకొక బొమ్మ. ఇది మేం ఊహించుకున్నదే. ఎల్బీనగర్ మెట్రో స్టేషన్. లోపలికి పోయే దారిలో పోతరాజు నిలబడ్డడు. ఒంటినిండ పసుపు, నడుముకు యాపరెమ్మలు, చేతిలో ఈరగోల. సెక్యూరిటీ ఆయన ఈరగోలను మిషన్‌లో పెట్టుమంటున్నడు. దీన్ని చూసి ఇద్దరు నవ్వుతరు. ఆ రెండు నవ్వులు ఒక్కటి కావు. ఆషాఢమాసం బోనాలు తెలిసినోనికి పోతరాజు అంటే అమ్మవారి తమ్ముడు, ఊరికి కావలి. కావలిగాన్నే కావలిగాడు తనిఖీ చేస్తున్నడు, అందుకు వాడు నవ్వుతడు. ఆ సంగతి తెలవనోనికి అర్ధనగ్నంగ ఉన్న ఒక మోటు మనిషి మెట్రో స్టేషన్‌లోకి వచ్చిండు, అందుకు నవ్వుతడు. మొదటి నవ్వు మెట్రో రూలు మీద. రెండో నవ్వు మన మీద. గీసినోడు ఏ నవ్వు కోరిండో బొమ్మను చూస్తే దొరుకుతది. పోతరాజు ముఖంలో ధీమా ఉన్నదా, అయోమయం ఉన్నదా? ఆ ఒక్క గీత కాడనే సంగతంతా ఉన్నది.

మన మాటే జోకైన కాలం

ఇప్పుడు మనకు నొప్పి ఉన్న కాడికి వద్దాం.

మేం నల్గొండ జిల్లా పల్లె నుంచి కోచింగ్ కోసం ఈ దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చినప్పుడు పదిహేడేండ్లు. ఏ సంస్థ అనేది వద్దు. ఒకరోజు క్లాసులో లెక్క అర్థం కాక లేచి, 'సార్, గిది ఎట్లొచ్చింది?' అని అడిగినం. సార్ లెక్క చెప్పలే. 'గిది ఎట్లొచ్చింది' అని మా గొంతుతోనే మళ్ల అన్నడు. క్లాసంతా గొల్లుమన్నది. మా మాటలో జోకు ఏం లేదు. మా మాటే జోకు. అందరితో పాటు మేం కూడా నవ్వినం. సార్ వెక్కిరించుడు ఎప్పుడో మర్చిపోయినం. మేం నవ్వుడు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటది. ఆ లెక్క ఆ సంవత్సరమంతా మళ్ల అడగలే.

ఆ సార్‌కు అది ఎవరు నేర్పిన్రు? సినిమా నేర్పింది. మన యాస తెర మీద దశాబ్దాల పాటు రౌడీకి, పనిమనిషికి, తాగుబోతుకు, మోసగాడైన లీడర్‌కు రాసిపెట్టి ఉండేది. 1985లో 'ప్రతిఘటన' వచ్చింది. అందులో కోట శ్రీనివాసరావు మంత్రి పాత్ర మన యాస మాట్లాడ్తది. కోట గొప్ప నటుడు, ఆ పాత్రను అద్భుతంగ చేసిండు. ఇందులో ఆయన తప్పేం లేదు. మా ప్రశ్న వేరే. అదే సినిమాలల్లో న్యాయం మాట్లాడేటోడు, ప్రేమించేటోడు, పాఠం చెప్పేటోడు మన యాసలో ఎందుకు మాట్లాడలేదు? 1992లో 'మొండి మొగుడు పెంకి పెళ్లాం'లో విజయశాంతి తెలంగాణ మాట మాట్లాడితే జనం ఎగబడి చూసిన్రు. హీరోయిన్ నోట మన మాట వినుడు అంత అరుదు మరి.

కాబట్టి జోకు అంటే జోకే, సీరియస్‌గ తీసుకోవద్దు అని ఎవరన్నా అంటే మేం ఒప్పుకోం. ముప్పై ఏండ్లు ఒకే వైపు నవ్వుతే అది జోకు కాదు, అలవాటు. తర్వాత ఆ అలవాటే అధికారం అయితది. ఇంటర్వ్యూలో నోరు తెరవంగనే మార్కులు తగ్గించేది ఆ అధికారమే.

ఉద్యమం తిరగరాసిన నవ్వు

అయితే మనం ఏడ్చుకుంట కూసోలేదు. ఉద్యమం పాటతో నడిచిందని అందరు చెప్తరు. అది నవ్వుతో కూడా నడిచింది. ధూంధాం వేదిక మీద మాటల విసుర్లు లేని రాత్రి ఉన్నదా? వంటావార్పు యాదికి తెచ్చుకోండ్రి. ఎల్బీనగర్ కాడ విజయవాడ పోయే జాతీయ రహదారి మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి అన్నం వండుడు అంటే ఏంది? కాగితం లేని కార్టూన్ అది. రోడ్డు ఎవరిది అన్న ప్రశ్నను గంజిబువ్వతో అడిగినం. 2011 సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ 24 దాకా 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. జీతం రాని ఉద్యోగి ఒకరికొకరు ఎట్ల ధైర్యం చెప్పుకున్నరు? భాషణలతోని కాదు, ఛాయ్ కాడ నవ్వుకొని.

గీత గీసినోళ్లను కూడ యాది చేసుకోవాలె. మోహన్ ప్రజా ఉద్యమాలకు ఎన్ని పోస్టర్లు, ఎన్ని బొమ్మలు గీసి ఇచ్చిండో లెక్కలేదు. 2017లో పోయిండు. నల్గొండ జిల్లా నుంచి వచ్చిన శేఖర్ ఆంధ్రజ్యోతిలో కార్టూన్లు గీసిండు. క్యాన్సర్‌తో కొట్లాడుకుంట కూడా కుంచె వదల్లేదు. 2014 మే నెలలో పోయిండు. ఇంకొక రెండు వారాలు ఆగితే జూన్ 2న రాష్ట్రం చూసేటోడు. 2011లో నమస్తే తెలంగాణ మొదలైనంక మృత్యుంజయ్ గీతలు మన మాటలోనే మాట్లాడినయి. బొమ్మ కింద రాసే ఒక్క వాక్యం మన యాసలో ఉంటే ఎంత బలమో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా అసలు బాధ చెప్తం. ఆ రోజుల జోకులు ఇయ్యాల్టి పిల్లలకు అర్థం కావు. 2009 డిసెంబర్ 9 రాత్రి రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడ్తున్నమని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. డిసెంబర్ 23న వెనుకకు పోయింది. అప్పుడు హాస్టల్‌లో ఎవడన్నా అప్పు తీసుకొని, ఇస్త అని ఇయ్యకపోతే 'వీడు ఇరవై మూడో తారీఖు గాడు' అనేటోళ్లం. శ్రీకృష్ణ కమిటీ ఆరు మార్గాలు రాసి ఇచ్చింది. అది 2011 జనవరిలో బయటికి వచ్చినప్పుడు, ఎంసెట్‌ల నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి కరెక్టు అంటరు, వీళ్లు ఆరు ఇచ్చి ఏదీ కరెక్టు కాదంటున్నరు అని నవ్వుకున్నం. ఈ ముందు వరుసలో కూసున్న తమ్ముడు అప్పుడు పలక పట్టిండో లేదో. వానికి 23 అంటే ఒక అంకె. చెప్పకపోతే మన నవ్వు మనతోనే పోతది. నవ్వుతో పాటు దాని వెనుక ఉన్న మోసం, కోపం, ఓపిక కూడా పోతయి. చరిత్ర పుస్తకంలో తారీఖులు ఉంటయి. ఆ తారీఖు నాడు గల్లీలో మనుషులు ఏమనుకున్నరో జోకులోనే ఉంటది.

నవ్వు ఆగే చోటు కూడా ఒకటి ఉంటది. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడ్డడు. డిసెంబర్ 3న కన్నుమూసిండు. అసొంటి చావు ఏ తల్లికీ చూసే గతి రావొద్దు. 2013 ఫిబ్రవరి 21న ఇదే దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినయి. బస్సు కోసం నిలబడ్డోళ్లు, టిఫిన్ తినవచ్చిన పిల్లలు పోయిన్రు. ఈ రెండు చోట్ల మీద నుంచి మనం రోజూ నడుస్తం. ఇక్కడ ట్రాఫిక్ మీద, గుంతల మీద, కోచింగ్ బోర్డుల మీద ఎన్ని జోకులైనా వేయొచ్చు. ఆ రెండు తారీఖుల మీద ఎవ్వరూ వేయరు. వేయొద్దని ఏ చట్టమూ చెప్పలే. ఊరు తెలిసినోనికి ఎక్కడ ఆగాలో తెలుస్తది.

అర్థం కాని నవ్వు జైలుకు పంపింది

సంగతి తెలవకుంట బొమ్మ చూస్తే ఏమైతదో దేశంలో జరిగిన రెండు ముచ్చట్లు చెప్తం.

ఒకటి కలకత్తాది. 2012 ఏప్రిల్. జాదవ్‌పూర్ యూనివర్సిటీలో అంబికేశ్ మహాపాత్ర అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఒక కార్టూన్‌ను ఈ-మెయిల్‌లో పంపిండు. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ, కొత్త రైల్వే మంత్రి ముకుల్ రాయ్, పదవి పోయిన పాత మంత్రి దినేశ్ త్రివేది మీద వేసిన విసురు అది. సత్యజిత్ రే 1974లో తీసిన 'సోనార్ కెల్లా' సినిమాలో కూడా ముకుల్ అనే పిలగాడు ఉంటడు, చెడ్డమనిషి మాయమైండు అనే మాట ఉంటది. బెంగాల్‌లో పిల్లలకు కూడా తెలిసిన సినిమా. అది చూసినోనికి ఈ కార్టూన్ చిన్న కొంటె పని. పాలకపక్షానికి మాత్రం మాయం అనే మాట బెదిరింపు లెక్క వినబడ్డది. ప్రొఫెసర్‌ను అరెస్టు చేసిన్రు. కేసు నుంచి ఆయన పేరు తీసేసే వరకు 2023 జనవరి వచ్చింది. ఒక సినిమా జోకు ఒక మనిషి జీవితంలో పదకొండేండ్లు కోర్టుల చుట్టూ తిప్పింది. అధికారంలో ఉన్నోడు జోకు అర్థం కాలేదని నటించినా, నిజంగనే అర్థం కాకున్నా, నష్టం గీసినోనికి, పంపినోనికే.

రెండోది అంబేడ్కర్ కార్టూన్. రాజ్యాంగం రాసుడు ఆలస్యం అయితున్నదని 1949లో శంకర్ గీసిన బొమ్మ. రాజ్యాంగం ఒక నత్త. దాని మీద అంబేడ్కర్ కూసున్నడు, చేతిలో కొరడా ఉన్నది. వెనుక నెహ్రూ ఉన్నడు, ఆయన చేతిలో కూడా కొరడా ఉన్నది. దీన్ని పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో పెట్టిన్రు. 2012 మేలో పార్లమెంటులో పెద్ద లొల్లి అయింది, బొమ్మను తీసేస్తమని సర్కారు చెప్పింది. చదువుకున్న పెద్దలు విప్పి చెప్పిన్రు. ఇద్దరూ నత్తనే కొడుతున్నరు, ఇది చరిత్ర, శంకర్ ఎవర్నీ వదలలేదు అని. వాళ్ల మాట తప్పు కాదు. కానీ తరతరాలు వీపు మీద కొరడా దెబ్బలు తిన్న ఇంటి పిలగాడు ఆ బొమ్మ చూసినప్పుడు ముందు ఏం కనిపిస్తది? నత్త కాదు. అంబేడ్కర్ వెనుక లేచిన కొరడా. ఆ చూపు కూడా చరిత్ర నుంచి వచ్చిందే. ఆ బొమ్మను తీసేసుడు మా దృష్టిలో పరిష్కారం కాదు. పక్కన నాలుగు వాక్యాలు రాసి, ఆ పిలగానికి ఏం కనిపించిందో అడిగి, అది కూడా పాఠంలో చేర్చాల్సింది.

ఈ రెండు కథలు ఎదురెదురుగ నిలబడ్తయి. మొదటి దాంట్లో బలమైనోడు నొచ్చుకున్నడు, బలహీనుడు జైలు చూసిండు. రెండో దాంట్లో నొచ్చుకున్నోళ్లు తరాలుగ దెబ్బలు తిన్నోళ్లు. రెండింటినీ 'మనోభావాలు' అని ఒక్క సంచిలో వేస్తే మోసపోతం.

ఇప్పుడు నవ్వుతున్నది ఎవరం

రాష్ట్రం వచ్చినంక లెక్క మారింది. వీ6లో తీన్మార్ వార్తలు మన మాటలో వస్తే ఇల్లిల్లూ చూసింది. తీన్మార్ అంటే మన డప్పు దెబ్బ, పేరులోనే మన అడుగు ఉన్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' పిల్లలు యూట్యూబ్‌లో పల్లెను చూపిస్తే గంగవ్వ లోకమంతా తెలిసింది. 2016లో 'పెళ్ళిచూపులు', 2017లో 'ఫిదా', 2023లో 'బలగం'. ఫిదాలో బాన్సువాడ పిల్ల మన యాసలో ప్రేమించింది, కొట్లాడింది, డాక్టర్ పిలగాన్ని నిలదీసింది. బలగంలో అన్నదమ్ములు, అక్క, బావ మధ్య మటన్ బొక్క కాడ పుట్టిన పగ ఉన్నది. బయటోడు చూస్తే తిండి కాడ కొట్లాట. మనకు తెలుసు, అది బొక్క కాదు, బావ మర్యాద. ఆ సినిమా చూసుకుంట నవ్వినం, అదే చోట ఏడ్చినం. మన నవ్వును మనమే రాసుకుంటే ఎట్లుంటదో అక్కడ కనబడ్డది.

అయితే సంబురపడి ఊకోవద్దు. ఫోన్లలో తిరిగే తెలంగాణ మీమ్‌లు పది ముందల పెట్టుకోండ్రి. అందులో ఎన్ని దావత్, మటన్, మందు చుట్టూ తిరుగుతయో లెక్కపెట్టుండ్రి. దావత్ మన సంస్కృతే, మేం కాదనం. కానీ తెలంగాణోడు అంటే తాగి ఊగేటోడు అన్న పాత సినిమా బొమ్మనే మనం కొత్త రంగులు వేసి, మన చేతులతో మనమే పంపుతున్నమా? అప్పుడు సార్ వెక్కిరించినప్పుడు మేం నవ్వినట్టే, ఇది కూడా నవ్వి లోపలికి చేరే ప్రయత్నమేనా? ఎవరికి వాళ్లు అడుక్కోవాలె.

దీనికంటే కష్టమైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఇప్పుడు మనం ఎవరి మాట మీద నవ్వుతున్నం? ఎల్బీనగర్‌లో పొద్దున అడ్డా మీద పని కోసం నిలబడే బీహార్, ఒడిశా కూలీ వచ్చీరాని తెలుగు మీద బొమ్మలు వస్తున్నయి. హాస్టల్‌లో శ్రీకాకుళం తమ్ముని మాట మీద నవ్వుతున్నరు. అరే, వాళ్ల యాసను కూడా ఇదే సినిమా ఇన్నేండ్లు జోకర్లకు, పనోళ్లకు కట్టిపెట్టింది కదా. పాతబస్తీ మాట మీద, గడ్డం మీద, బురఖా మీద వచ్చే బొమ్మలైతే చెప్పే పనిలేదు. మనం కొట్లాడింది పెత్తనం మీద. మనుషుల మీద కాదు, వాళ్ల నాలుక మీద అంతకంటే కాదు. మనకు జరిగింది తప్పైతే, అది ఎవరికి జరిగినా తప్పే. ఈ మాట చెప్పకపోతే అప్పటి మన ఆత్మగౌరవ నినాదం ఒట్టి కుర్చీ కోసం చేసిందైతది.

అందుకే ఒక బొమ్మ ఫోన్‌కు వస్తే, పంపే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. ఒకటి, ఇందులో ఏ సినిమా, ఏ పండుగ, ఏ మాట దాగి ఉన్నది? రెండు, మలుపు ఎక్కడ ఉన్నది? మనం ఏం అనుకున్నం, ఏం జరిగింది? మూడు, నవ్వు ఎవరి మీద పడ్తున్నది? కుర్చీలో ఉన్నోని మీదనా, కింద కూసున్నోని మీదనా? నాలుగు, ఆ మనిషి ఈ గదిలోనే ఉంటే ఈ బొమ్మను వాని ముందల పెట్టి నవ్వగలమా? మొదటి రెండు తెలివికి సంబంధించినయి. చివరి రెండు మనిషితనానికి సంబంధించినయి.

ఇంకొక పని కూడా ఒప్పుకోవాలె. ఉద్యమకాలం నాటి బొమ్మలు, ప్లకార్డుల మాటలు, ఛాయ్ కాడి జోకులు ఇంకా మన పాత ఫోన్లలో, డైరీలలో, ఉద్యోగ సంఘాల ఆఫీసు బీరువాలలో ఉన్నయి. వాటిని తీసి, ఒక్కొక్క దాని కింద నాలుగు వాక్యాలు రాయండ్రి. ఏ తారీఖు, ఏ ఊరు, ఎవరి మీద, ఎందుకు నవ్వినం అని. మాటకు అర్థం తెలవకపోతే ఇంట్లో అవ్వను అడగండ్రి, తాతను అడగండ్రి. ఉద్యోగులు రాయండ్రి, విద్యార్థులు టైపు చేయండ్రి. బొమ్మ గీసే చేయి ఉన్నోళ్లు గీయండ్రి. మన పిల్లలు మన మాటలో పుల్లల మనుషులను గీసినా చాలు. ర్యాండల్ మన్రో మనుషులకు కూడా ముక్కు లేదు.

చివరికి మళ్ల ఆ హాస్టల్ గదికే పోదాం. రేపు రాత్రి అక్కడ ఒక ఫోన్ మోగుతది. ఐదుగురు నవ్వుతరు. ఆరో పిలగాడు 'ఏందిరా ఇది?' అని అడుగుతడు. వాడు ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు పిలగాడు కావొచ్చు, ఒంగోలు నుంచి వచ్చినోడు కావొచ్చు, పాట్నా నుంచి వచ్చినోడు కావొచ్చు. 'నీకు అర్థం కాదు తియ్' అనకుండ్రి. పక్కన కూసోబెట్టుకొని చెప్పుండ్రి. నవ్వు ఒక నిమిషం ఆలస్యం అయితది, ఏం కాదు. తర్వాత మీ ఊరి జోకు ఒకటి చెప్పు అని వాన్ని అడగండ్రి. వాడు చెప్పేది మీకు అర్థం కాకపోతే, ఈసారి మీరు అడగండ్రి.

జై తెలంగాణ.